పదమూడో వజ్రం

స్కూలు పేరులో ఇంటర్నేషనల్ అన్న మాట ఉంది. ఆ స్కూల్లో అంతర్జాతీయమైన వస్తువు మాత్రం గేటు లోపల నిలబెట్టిన సిమెంటు గ్లోబు ఒక్కటే. దాని మీద ఆస్ట్రేలియా పెచ్చులూడిపోయి రెండేళ్ళయినా ఎవరికీ పట్టలేదు. శామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్ వెళ్ళే దారిలో ఉంటుంది ఆ స్కూలు. కొత్త కాలనీల పిల్లలు కార్లలో, ఊళ్ళ పిల్లలు స్కూలు బస్సులో, నాన్నల బండ్ల మీద వస్తారు. అక్కడ హన్నా ఆరేళ్ళుగా నాలుగో తరగతికి లెక్కలు చెబుతోంది. రోజూ ఆ గ్లోబు పక్కనుంచే నడిచి, రోజూ దాన్ని చూసి మూతి విరిచేది. మూతి విరవడం ఆవిడకు బాగా అలవాటు. అందుకు కావలసినంత సరుకు స్కూలే సరఫరా చేసేది.

ఆ జూలైలో దిగిన కొత్త సరుకు డైమండ్ బ్యాచ్. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్లో పుట్టుకతోనే అసాధారణమైన ప్రతిభ ఉన్నవాళ్ళు కొందరు ఉంటారట. వాళ్ళను పరీక్ష పెట్టి పట్టుకుని, ప్రత్యేకంగా సానబెడతారట. ప్రిన్సిపాల్ శ్రీలేఖ గారు ఈ విషయాన్ని తల్లిదండ్రుల సమావేశంలో మైకు పట్టుకుని గంటసేపు చెప్పారు. ఎంపికయ్యే పన్నెండు మందికి నీలం టీషర్టులు, వాటి మీద మెరిసే వజ్రం బొమ్మ. ఈ పన్నెండు మందీ వజ్రాలైతే మిగతా నాలుగు వందల మందీ కంకరా అని హన్నా స్టాఫ్ రూములో అడిగింది. అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ గదిలో మాత్రం ఎవరూ అడగలేదు. హన్నా కూడా అడగలేదు.

బ్యాచ్‌కు లెక్కల టీచరుగా హన్నానే వేశారు. అందుకని రెండు రోజుల శిక్షణ కూడా ఇప్పించారు. టై కట్టుకుని వచ్చిన ఆ శిక్షకుడు సృజనాత్మక ఆలోచనకు ఏడు మెట్లు ఉంటాయని చెప్పి, ఆ ఏడింటినీ నెమ్మదిగా డిక్టేషన్ ఇచ్చాడు. మర్నాడు పొద్దున వాటిని వరసగా అప్పజెప్పించుకున్నాడు. మూడో మెట్టు, నాలుగో మెట్టు తారుమారు చేసిన డ్రాయింగ్ మాస్టారికి సృజనాత్మకత తక్కువని తేల్చి, పక్కన నిలబెట్టాడు. హన్నా నవ్వు ఆపుకోలేక నీళ్ళ సీసా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇన్ని ఆడంబరాల మధ్య పనికొచ్చేది ఒకటుంది. తుర్కపల్లి వైపు ఉన్న ఒక పరిశోధనాలయంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, ఏడాదిపాటు ప్రతి శనివారం ఈ పిల్లలతో కూర్చుంటానని ఒప్పుకున్నాడు. పాఠం ఏమీ చెప్పనన్నాడు. మైక్రోస్కోపుల ముందు కూర్చోబెడతాను, వాళ్ళు ఏది తెస్తే అది చూపిస్తాను, వాళ్ళు ఏమడిగితే దానికి జవాబు చెబుతాను అన్నాడు. ఆ మాట విన్నప్పుడు మాత్రం హన్నా మూతి విరవలేదు. ఆ బల్ల ముందు ఎవరు కూర్చోవాలో ఆవిడకు అప్పుడే తెలిసిపోయింది.

సాయిప్రియ నాలుగో తరగతి. తండ్రి పర్వతాలుది లాల్‌గడి మలక్‌పేట్, హన్నా వాళ్ళ ఊరే. భూములు కొలిచే సర్వేయర్ వెంట టేపు పట్టుకుని తిరుగుతాడు, హద్దురాళ్ళు పాతుతాడు. ఊరి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న కాలం కాబట్టి ఆయనకు పనికి కొదవలేదు. ఆదివారాలు కూతురిని కూడా బండెక్కించుకుని వెళతాడు. ఆయన కొలతలు అరుస్తుంటే ఆ పిల్ల పాత నోటుబుక్కులో రాస్తుంది, సర్వేయర్ ఫోన్ తీసి నొక్కేలోపు మొత్తం చెప్పేస్తుంది. క్లాసులో చెయ్యెత్తదు. అడిగితే మాత్రం జవాబు చెప్పి, ఆ జవాబు ఇంకో దారిలో కూడా వస్తుందా అని తనే ఎదురు అడుగుతుంది. ఆరేళ్ళలో హన్నాను అలా అడిగిన పిల్లలు ఇద్దరో ముగ్గురో.

మైక్రోస్కోపు సంగతి చెప్పిన రోజు సాయిప్రియ ఇంటర్వెల్‌లో హన్నా వెంటబడింది. చెరువు నీళ్ళలో కండ్లకు కనబడని పురుగులుంటాయని ఐదో తరగతి పుస్తకంలో ఉందట. ఏ చెరువైనా ఒకటే పురుగులా, లేకపోతే శామీర్‌పేట చెరువు పురుగులు వేరే, తమ ఊరి కుంట పురుగులు వేరేనా అని దాని సందేహం. రెండు సీసాల్లో నీళ్ళు తీసుకుపోతే ఆ సారు చూపిస్తాడా అని అడిగింది. చూపిస్తాడు, ముందు నువ్వు పరీక్ష రాయి అంది హన్నా. ఆ ఆదివారం చర్చిలో, పెద్దల వరసలో తండ్రి స్టీఫెన్ కళ్ళు మూసుకుని లోకశాంతి కోసం ప్రార్థిస్తుంటే, వెనక వరసలో హన్నా పన్నెండు సీట్లలో ఒక సీటు కోసం ప్రార్థించింది.

ఇక కాలనీల్లో హడావుడి చెప్పనలవి కాదు. పుట్టుకతో వచ్చే ప్రతిభను కనిపెట్టే పరీక్షకు ఎలా తయారవ్వాలని అమ్మానాన్నలు తలలు బద్దలు కొట్టుకున్నారు. నెల తిరక్కుండానే పేట్ బషీరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ బోర్డు మార్చేసింది. గిఫ్టెడ్ పరీక్షకు ప్రత్యేక శిక్షణ, మీ బిడ్డ ప్రతిభకు మా గ్యారంటీ అని దాని మీద రాశారు. పిల్లలు సాయంత్రాలు కునికిపాట్లు పడుతూ కార్లెక్కి అక్కడికి వెళ్ళి, పుట్టుకతో వచ్చినదాన్ని రెండు గంటలపాటు నేర్చుకుని, మళ్ళీ కునికిపాట్లు పడుతూ ఇంటికొచ్చేవాళ్ళు.

వాళ్ళందరికీ ముందు నడిచినవాడు రాజారావు. భీమవరం వైపు నుంచి వచ్చి మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీలో మేనేజరుగా స్థిరపడ్డాడు. తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడు. ఆయన కొడుకు ఆదిత్య నాలుగో తరగతే. మంచివాడు, నెమ్మదస్తుడు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాడు. ఆ పిల్లాడు ఒకరోజు హన్నా దగ్గరికి వచ్చి, సొంతంగా ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలకు జవాబులు ఏ పేజీలో ఉంటాయి టీచర్ అని అడిగాడు. పాపం, వాడిని ఏమనగలం. హన్నా కూడా వాడిని ఏమీ అనలేదు. తండ్రిని మాత్రం స్టాఫ్ రూములో పది నిమిషాలు ఏకిపారేసింది.

పరీక్ష ఆగస్టు రెండో వారంలో జరిగింది. ప్రశ్నపత్రం, దాని కీ, రెండూ కోస్తాలో ఎవరో తయారుచేసి అమ్మేవి. పక్షపాతం లేకుండా పేర్ల మీద స్టిక్కర్లు అతికించి, నంబర్లు వేసి, పేపర్లను టీచర్లకు పంచారు. లెక్కల పేజీలన్నీ హన్నాకు వచ్చాయి. నూట పది పేపర్లు, రెండు సాయంత్రాలు. కీ కాగితం బల్ల మీద పరిచి, దాని మీద ఎడమచేతి వేలు పెట్టి, కుడిచేత్తో ఎర్ర గీతలు గీసుకుంటూ పోయింది. మధ్యలో ఒక పేపరు చూసి ఆగింది. రామయ్యకు 2.30 ఎకరాలు, అతని తమ్ముడికి 1.30 ఎకరాలు ఉన్నాయి, ఇద్దరికీ కలిపి ఎన్ని ఎకరాలు అన్నది ప్రశ్న. కీలో 3.60 అని ఉంది. ఎవరో మహానుభావులు 4.20 అని రాశారు. దశాంశాలు కూడటమే రాదు, వీళ్ళు వజ్రాలవుతారట అని పక్క టీచరుకు చూపించి నవ్వి, తప్పు గీసి, కింద ఇంకో గీత కూడా లాగింది. తర్వాతి పేపరు తీసుకుంది.

ఫలితాలు సోమవారం అంటించారు. పన్నెండు పేర్లున్నాయి. పన్నెండో పేరు ఆదిత్యది, అరవై రెండు మార్కులు. సాయిప్రియకు అరవై ఒకటి, పదమూడో స్థానం. జాబితాలో పదమూడో పేరుకు చోటే లేదు కాబట్టి ఆ సంగతి ప్రిన్సిపాల్ గదిలో అడిగితేనే తెలిసింది.

హన్నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మార్కు తేడా, అదీ సంఘం అధ్యక్షుడి కొడుకుతో. ఇదంతా ముందే మాట్లాడుకున్న వ్యవహారమని ఆవిడకు అనుమానమే లేదు. ఇంకో సీటు వేయమని శ్రీలేఖ గారిని అడిగింది. కుదరదన్నారామె. పరిశోధనాలయం వాళ్ళు పన్నెండు మందినే రానిస్తామన్నారట, అది వాళ్ళ నియమమట. మంగళవారం అడిగినా అదే జవాబు, బుధవారం అడిగినా అదే జవాబు. గురువారం అడిగినప్పుడు, పన్నెండంటే పన్నెండే హన్నా గారూ, నియమం అంటే అందరికీ ఒకటే కదా అని ఆమె నవ్వుతూ చెప్పారు. సాయిప్రియ మాత్రం ఏమీ అడగలేదు. రెండు సీసాలు కడిగి పెట్టుకున్న, టీచర్. పర్వాలేదు, ఇంట్లో నీళ్ళు తాగుతందుకు పనికొస్తయి అంది.

ఆ మాట విన్నాక హన్నా ఇక ఆగలేదు. పేపర్లు మళ్ళీ చూడాల్సిందేనని రాతపూర్వకంగా అడిగింది. శుక్రవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో ముగ్గురు కూర్చున్నారు. శ్రీలేఖ గారు, సంఘం తరఫున రాజారావు, లెక్కలు దిద్దిన టీచరుగా హన్నా. బల్ల మీద పదమూడు పేపర్లు పెట్టారు.

హన్నా ముందు సృజనాత్మకత పేజీలు తీసింది. ఇటుకతో ఎన్ని రకాల పనులు చేయవచ్చో సొంతంగా ఆలోచించి రాయమన్న ప్రశ్న అది. పదమూడు మందిలో తొమ్మిది మంది ఇరవై పనులు రాశారు. తొమ్మిది మందివీ అవే ఇరవై పనులు, అదే వరస. ఏడోది తొమ్మిది మందికీ తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టడమే. పన్నెండోది తొమ్మిది మందీ స్పెల్లింగ్ తప్పు రాశారు, తొమ్మిది మందీ ఒకే తప్పు. అందరికీ పదికి పది వేశారు. సాయిప్రియ ఒక్కటే పని రాసింది. ఇద్దరు పట్టాల్సిన టేపును మా బాపు ఒక్కడే పట్టాల్సి వస్తే, అవతలి కొస మీద ఇటుక పెడతాడు అని. దానికి ఒక మార్కు వేశారు.

ఇక అక్కణ్ణుంచి హన్నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఇది ప్రతిభను వెతకడం కాదు, కోచింగ్ సెంటర్ నోట్సును వెతకడం అంది. ఈ పిల్లలు కోచింగ్‌లో నేర్చుకున్నది ఆలోచించకుండా ఉండటమే అంది. తొమ్మిది మంది ఒకేలా ఆలోచిస్తే దాన్ని సృజనాత్మకత అనరు, ప్రార్థనలో చేసే ప్రతిజ్ఞ అంటారు అంది. రాజారావు మొహం కందగడ్డ అయింది. శిక్షణ ఇప్పించడం తప్పెలా అవుతుందండీ అన్నాడు. ఈ స్కూలును, ఈ కాలనీ పెద్దలను, కీ అమ్మినవాళ్ళను కలిపి ఉతికి ఆరేశాక, హన్నా తృప్తిగా సాయిప్రియ లెక్కల పేజీ తీసింది. ఇక్కడైనా ఎవరో కావాలని మార్కులు కోసి ఉంటారని చూపిద్దామనుకుంది.

పేజీ మధ్యలో ఎర్ర తప్పు ఉంది. దాని కింద ఇంకో గీత ఉంది. తప్పు కింద గీత లాగే అలవాటు ఆ స్కూల్లో ఒక్కరికే ఉంది. 2.30కి 1.30 కలిపితే 4.20.

హన్నా ఆ కూడికను మళ్ళీ చదివింది. ఆ పిల్ల కూడికలు తప్పు చేయదు. వందల్లో, వేలల్లో తప్పు చేయని పిల్ల ఇంత చిన్నదాంట్లో ఎందుకు చేస్తుంది. పిల్లను పిలిపించమని అడిగింది. ఐదు నిమిషాల్లో సాయిప్రియ గుమ్మం దగ్గర నిలబడింది. ముగ్గురు పెద్దవాళ్ళు తన పేపరు చుట్టూ కూర్చుని ఉండటం చూసి కళ్ళనిండా భయం నింపుకుంది. ఇది ఎట్ల జేసినవ్ బిడ్డా అని హన్నా అడిగింది. బడిలో ఎప్పుడూ మాట్లాడని తన ఊరి మాట ఆవిడ నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

సాయిప్రియ బల్ల మీదికి వంగి తన అంకెలే చూసుకుంది.

“ఎకరానికి నలభై గుంటలు గద టీచర్. రెండెకరాల ముప్పై గుంటలు, ఎకరం ముప్పై గుంటలు. ముప్పై ముప్పై కలిపితే అరవై. అండ్ల నలభై తీస్తే ఒక ఎకరం అయితది, ఇర్వై మిగుల్తయి. గందుకే నాలుగెకరాల ఇర్వై గుంటలు.”

“కరెక్టే కదండీ,” అన్నాడు రాజారావు.

మాట బయటికి వచ్చేశాక కానీ తానేమన్నాడో ఆయనకు తెలియలేదు. రెండేళ్ళ కిందట ఆయన అదే లాల్‌గడి మలక్‌పేట్ పొలిమేరలో భూమి కొని మామిడి మొక్కలు పెట్టించాడు. ఆయన పాసుబుక్కులో 1.10 అని ఉంటుంది. అంటే ఎకరం పది గుంటలని, అంటే ఎకరంపావు అని ఆయనను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఈ నేల మీద ఎకరాల పక్కన చుక్క పెడితే, ఆ చుక్క తర్వాత వచ్చేవి గుంటలే. ఈ సంగతి భీమవరం నుంచి వచ్చినాయనకు తెలుసు. లాల్‌గడి మలక్‌పేట్‌లో పుట్టిన హన్నాకు గుర్తు రాలేదు. ఆవిడ తండ్రి స్టీఫెన్ పాసుబుక్కులో 0.30 అని ఉండేది. ముప్పావు ఎకరం. ఆ పుస్తకం ముందేసుకునే హన్నా చిన్నప్పుడు అంకెలు చదవడం నేర్చుకుంది. ఈ స్కూల్లో చేరాక ఆరేళ్ళలో నోట్లోంచి ఊరి యాసను రుద్ది రుద్ది కడిగేసుకుంది. యాసతోపాటు ఇంకేం కొట్టుకుపోయాయో ఇప్పటిదాకా చూసుకోలేదు.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఇంతసేపూ కోచింగ్ సెంటర్ నోట్సును తప్ప దేన్నీ చూడరని ఊరందరినీ తిట్టి, తాను మాత్రం కీ కాగితం మీద వేలు పెట్టి దిద్దింది. పైగా నవ్వింది. పక్క టీచరును పిలిచి మరీ చూపించి నవ్వింది.

శ్రీలేఖ గారు పిల్లను క్లాసుకు పంపేసి తలుపు మూశారు. ఈలోగా రాజారావు లెక్క వేసుకోవడం పూర్తయింది. ఈ లెక్కకున్న రెండు మార్కులు కలిస్తే సాయిప్రియకు అరవై మూడు. అప్పుడు పదమూడో స్థానం ఎవరిదో చెప్పడానికి వజ్రమే కానక్కర్లేదు. ఆయన గొంతు సవరించుకుని, అది రెవెన్యూవాళ్ళ లెక్కండీ, స్కూల్లో చెప్పేది దశాంశాలు కదండీ, స్కూలు పరీక్షకు స్కూలు లెక్కే రాయాలి కదండీ అన్నాడు. ప్రశ్నలో ఎకరాలని ఉంది, దశాంశాలని లేదు అంది హన్నా. కానీ ఆ గొంతులో ఇందాకటి కారం లేదు.

శ్రీలేఖ గారు తెలివైన మనిషి. పేపరును ఒక చేత్తో దగ్గరికి లాక్కుని, ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టారు.

“మీరీ ఊరివారే కదా హన్నా గారూ. మరి మీరెందుకు తప్పు వేశారు?”

ఆ ఒక్క ప్రశ్నకు హన్నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. నాది పొరపాటు అని చెప్పడం. ఆ మాట అంటే ఏమవుతుందో శ్రీలేఖ గారు చాలా మృదువుగా వివరించారు. దిద్దడంలో తప్పు జరిగిందని కాగితం మీద రాయాలి. నూట పది పేపర్లూ తిరిగి దిద్దించాలి. ఎవరు తప్పు దిద్దారని తల్లిదండ్రులు అడుగుతారు, పేరు చెప్పక తప్పదు. ఆ తర్వాత డైమండ్ బ్యాచ్‌కు మిమ్మల్నే లెక్కల టీచరుగా ఉంచడం నాకు కూడా ఇబ్బందే అన్నారు. ఇదంతా ఎందుకు, పిల్లకు సీటేగా మీకు కావలసింది అని కూడా అన్నారు.

అప్పుడు రాజారావుకు దారి కనిపించింది. పిల్లలు పరిశోధనాలయానికి వెళ్ళే వ్యాన్లో డ్రైవర్ పక్క సీటు ఖాళీయే కదండీ అన్నాడు. అవును కదా అన్నారు శ్రీలేఖ గారు. పన్నెండన్నది ఏ పరిశోధనాలయమూ పెట్టిన నియమం కాదని, స్కూలు వ్యాన్లో ఉన్న సీట్ల లెక్క అని అప్పుడు బయటపడింది. సాయిప్రియ కోసం నాలుగు రోజులు కదలని పన్నెండు, ఆదిత్య కోసం రెండు నిమిషాల్లో పదమూడు అయింది. ఎంత సిగ్గులేనితనమో చూడండి, ఒక్కరికి కూడా మొహం ఎర్రబడలేదు. శ్రీలేఖ గారు అక్కడికక్కడే ఒక కాగితం టైపు చేయించారు. సమీక్ష జరిగినది, మూల్యాంకనం కీ ప్రకారం సక్రమంగానే ఉన్నది, మార్కుల్లో మార్పు లేదు అని అందులో ఉంది. కింద మూడు సంతకాలకు చోటుంది.

హన్నా చదివింది. మైక్రోస్కోపు ముందు కూర్చున్న పిల్లను నీది పన్నెండో సీటా పదమూడో సీటా అని ఎవరూ అడగరు కదా అనుకుంది. సీటు సీటే కదా అనుకుంది. ఎవరి నోట విన్నా మూతి విరిచే మాటలే ఇవి, తన మనసులోంచి వస్తే మాత్రం ఎంత బుద్ధిగా వినిపించాయో. సంతకం పెట్టింది.

శనివారం పొద్దున నోటీసు బోర్డు మీద కొత్త జాబితా అంటించారు. పైన వజ్రాల బొమ్మల మధ్య పన్నెండు పేర్లు, చివర ఆదిత్య. దాని కింద ఒక గీత. గీత కింద, గ్రామీణ విద్యార్థులకు ప్రోత్సాహకంగా ప్రత్యేక అవకాశం: సాయిప్రియ, నాలుగో తరగతి. టీషర్టులు పన్నెండే కుట్టించారు కాబట్టి ఆ పిల్లను యూనిఫాంలోనే రమ్మన్నారు. ఈ ఉదారబుద్ధి గురించి శ్రీలేఖ గారు ప్రార్థన సమయంలో రెండు మాటలు చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సాయిప్రియ కూడా కొట్టింది, అందరూ కొడుతున్నారు కాబట్టి.

సాయంత్రం వ్యాన్ తిరిగి వచ్చేసరికి గేటు బయట పర్వతాలు బండి స్టాండు వేసి నిలబడ్డాడు. కూతురు దిగి ఖాళీ సీసాలు రెండూ చంకలో పెట్టుకుని పరుగెత్తింది. హన్నా ఇంటికి పోవడానికి బయటికి వస్తే పర్వతాలు రెండు చేతులూ జోడించాడు. ఊళ్ళో ఎదురైతే హన్నా చెల్లె అని పిలిచే మనిషి.

“మీ దయ మేడం. గంత పెద్దోళ్ళతోని కొట్లాడి మా పిల్లకు జాగ ఇప్పిచ్చిన్రు. లెక్క మీద ఎర్ర గీత ఉన్నదని పిల్ల చెప్పింది. తప్పు రాసినా గూడ తీస్కున్నరంటే మాటలా.”

“తప్పు రాయలేదన్నా,” అంది హన్నా. “నీ బిడ్డ రాసింది రైటే. నేనే తప్పు దిద్దిన.”

నిన్న మూసిన తలుపు వెనక చెప్పాల్సిన మాట ఇది. అక్కడ చెబితే దానికి విలువ ఉండేది. ఇక్కడ గేటు బయట, ఒక్క సాక్షి లేని చోట, తనకు రవ్వంత నష్టం లేని చోట చెప్పింది. పర్వతాలు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, గౌరవం ఉంది. అదే హన్నాకు తట్టుకోలేనిది.

“మీరు తప్పెట్ల దిద్దుతరు మేడం, సదువుకున్నోళ్ళు. నా మనసు కష్టపడొద్దని అంటున్నరు. తప్పు నాదే. పొలం కాడ నేను చెప్పిన గుంటల లెక్క బట్కపోయి అది పరీక్షల రాసింది. ఇగ ఆదివారం నా ఎంట రావొద్దన్న దాన్ని.”

నిజంగా నేనే, నీ లెక్కే సరి అని హన్నా మళ్ళీ చెప్పింది. చెప్పినకొద్దీ ఆయన తల ఊపుతూ ఇంకా వినయంగా నిలబడ్డాడు. నిజం మొత్తం ఆయనకు ఒక చదువుకున్న మనిషి మర్యాదలాగే వినిపించింది. చివరికి హన్నా పిల్ల వైపు తిరిగింది. నీకైనా తెలుసు కదా నువ్వు రాసింది సరైనదని, అంది.

సాయిప్రియ టీచరునూ తండ్రినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరిలో ఎవరికీ నొప్పి తగలకుండా ఏం చెప్పాలో ఆలోచిస్తున్నట్టు కాసేపు సీసాల మూతలు తిప్పింది.

“ఇగ గట్ల రాయ టీచర్,” అంది. “త్రీ పాయింట్ సిక్స్ అని రాస్త.”

పర్వతాలు కూతురి తల నిమిరి, బండెక్కించుకుని వెళ్ళిపోయాడు.